పుల్లకంటని నూనె

ఆ గురువారం పొద్దున కస్తూరమ్మ అనుకున్న పనులు పెద్దవేమీ కావు. కారుకు నూనె చూడాలి. అత్తకు తల దువ్వాలి. ఉగ్గాని చేసి అందరికీ పెట్టి, ఎండ ముదరకముందే ఆదోనికి బయలుదేరాలి. అక్కడ నూలు వ్యాపారి అయ్యన్న ఇంట్లో మనవడికి పేరు పెడుతున్నారు. భోజనాలయ్యాక వక్క నోట్లో వేసుకుని, డ్రైవరు ఏసన్నను దొంగతనం చేస్తూ ఉండగా పట్టుకోవాలి. దీపాల వేళకు ఇల్లు చేరాలి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో కారున్న ఇల్లు సుంకన్నది ఒక్కటే. నందవరం, దేవనకొండ చుట్టుపక్కల మగ్గాల మీద నేయించిన చీరలు పోగుచేసి ఆదోనిలో అమ్మే వ్యాపారం ఆయనది. బళ్లారి డాక్టరొకాయన వాడి విడిచిన నల్లకారును కొని, దానితోపాటు ఆదోని పత్తిమిల్లులో లారీ తోలే ఏసన్నను కూడా తెచ్చుకున్నాడు.

కారు కొత్తగా వచ్చిన రోజు ఏసన్న సంత మైదానంలో దాని మూత ఎత్తి, లోపలినుంచి పొడవాటి ఇనుపపుల్ల లాగాడు. గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసి చూపించాడు.

"ఈ గీటు దాకా నూనె ఉండల్లయ్యా. తగ్గిందంటే ఇంజను పట్టేస్తాది. మల్ల మనం తోసుకోని పోవల్సిందే."

సుంకన్నకు సగం అర్థమైంది. పక్కన నిలబడ్డ కస్తూరమ్మకు పూర్తిగా అర్థమైంది. ఎందుకంటే ఆమె పెళ్లయి వచ్చినప్పటినుంచి వంటింట్లో వేరుశనగ నూనె జాడీలో చీపురుపుల్ల ముంచి చూడకుండా ఏ రోజూ పొయ్యి ముట్టించలేదు. కస్తూరమ్మ ఇంట్లో చెంచాడు నూనె కూడా దారి తప్పదని వీధిలో పేరు. ఆ పేరంటే ఆమెకు మెడలోని గొలుసుకన్నా ఇష్టం.

"ఈ పుల్ల సంగతి నాకిడ్సిపెట్టండి," అంది మొగుడితో. ఆ రోజునుంచి కారు నూనెడబ్బా కూడా వంటనూనె డబ్బాల పక్కన, ఆమె తాళం కింద చేరింది.

కారు ఏ ముఖంగా నిలవాలన్నది కూడా ఆమే తేల్చింది. కౌతాళంలో ఆమె పుట్టింట్లో ఎద్దుల బండిని ఎప్పుడూ కాడి తూర్పుకు పెట్టే నిలిపేవారు. పడమటికి తిరిగిన బండి ఇల్లు విడిచిపోతుందని వాళ్ల నాయన అనేవాడు. సుంకన్న ఇంటిముందు వీధి తూర్పుకు ఎత్తు. అయినా ఏసన్న రోజూ సాయంత్రం కారు మూతిని ఎత్తుమీదికి ఎక్కించి, వెనక చక్రాల కింద రాళ్లు పెట్టి, దండం పెట్టినంత పని చేసి వెళ్లేవాడు.

మరునాడే మొదలైంది. పొద్దున పుల్ల ముంచితే నూనె గీటుకు చాలా కిందికి ఉంది. కస్తూరమ్మ వంటింటి గరాటు తెచ్చి గీటు దాకా పోసింది. ఆ మరునాడూ అంతే. ఆ తర్వాతా అంతే. పోసిన నూనె పోసినట్టే ఎటో పోతోంది.

కారుతుందేమోనని ఆమె ఒక ఉపాయం చేసింది. కారు నిలిపిన చోట ఇంజను కింద తెల్లగా ముగ్గు వేసింది. చుక్క పడితే ముగ్గు చెబుతుంది.

"కారు కింద ముగ్గేందక్కా? ఏం నోమది?" అని అడిగింది ఎదురింటి బసమ్మ.

నూనె పోతోందని చెప్పడానికి కస్తూరమ్మకు నోరు రాలేదు. "మొక్కుబడిలే," అంది.

అత్త రుద్రమ్మకు కోడలి భక్తి చూసి ముచ్చటేసింది. ఆ ముగ్గు మీద బంతిపూలు పెట్టి, కారు ముందు నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది. వారం తిరగకుండా వీధిలో రెండు ఎద్దుల బళ్ల కింద, ఒక సైకిలు కింద ముగ్గులు వెలిశాయి. సైకిలాయన కిందికి చూడకుండా ముగ్గు తొక్కి, పెళ్లాం చేత తిట్లు కూడా తిన్నాడు.

ముగ్గు మాత్రం మల్లెపువ్వులా తెల్లగా ఉండిపోయింది. చుక్క పడలేదు. కారకుండా నూనె పోతోందంటే ఎవరో తీస్తున్నారు. కారు దగ్గరికి వెళ్లేది ఏసన్న తప్ప ఎవరు?

ఈ మాటను ఆమె ఏసన్నను అడిగి ఉంటే కథ అక్కడే ముగిసేది. అడగలేదు. దొంగను ముందే అడిగితే జాగ్రత్తపడతాడని బసమ్మతో మాత్రం, "నీ కడుపులోనే పెట్టుకో," అని చెప్పింది. బసమ్మ కడుపు చిన్నది. సాయంత్రానికి ఆ మాట బావి దగ్గర చేరింది. మరునాటికి ఏసన్న నూనెను సీసాలకెత్తి లారీలవాళ్లకు అమ్ముతున్నాడనీ, ఆ సొమ్ముతో పెళ్లానికి ముక్కుపుడక చేయించాడనీ పెరిగింది. ఏసన్న పెళ్లాం మేరి వీళ్ల అరుగు మీదే కూర్చుని నూలు కండెలు చుట్టేది. ఆమె ముక్కుకు వేపపుల్ల తప్ప ఏమీ లేదని రోజూ చూసే కస్తూరమ్మకు తెలుసు. తెలిసీ ఆ మాటను ఖండించలేదు. కొద్ది రోజులకు మేరి రావడం మానేసింది. జ్వరమని కబురు పంపింది.

ఇంతలో కారు పొగ వదలడం మొదలుపెట్టింది. మామూలు పొగ కాదు, నీలంగా, చిక్కగా, పెళ్లివంటల పొయ్యిని తలపించే పొగ. ఒక పొద్దున పక్కింటి నరసప్ప వీధి పొడవునా నూలుపోగుల పడుగు సాగదీసి, కుంచెతో గంజి పట్టిస్తున్నాడు. పంచెల పడుగు, కొంగరెక్కలా ఉంది. కారు దాని పక్కన రెండుసార్లు దగ్గి, గొంతు సవరించుకుని, ఒక్కసారి ఊదింది. తడి నూలు మీద నల్లని నూనె తుంపర చింతగింజల్లా పరుచుకుంది.

"సుంకన్నా! నీ కారుకు దగ్గు పట్టింది, మందన్నా తాపు, లేదంటే పాతిపెట్టు!" అని నరసప్ప కుంచె పట్టుకుని గెంతాడు. కొంత కాలం బొంబాయి మిల్లుల్లో పనిచేసి వచ్చినవాడు కాబట్టి వైద్యం కూడా తానే చెప్పాడు. "ఇంజను నూనె తాగుతాంది. తాగినోడు ఊదకుండా ఉంటాడా?"

సుంకన్న ఆ పడుగును తానే తీసుకుని, నల్లరంగు వేయించి చీరల కొంగులకు వాడుకుంటానని ఒప్పుకోవలసి వచ్చింది. పడుగు చెడిన దానికన్నా వీధంతా నిలబడి నవ్వినందుకు కస్తూరమ్మకు తల కొట్టేసినట్టయింది. ఏసన్న మంచినూనె తీసుకుని మురికినూనె పోస్తున్నాడు, అందుకే ఈ పొగ అని ఆమె తీర్మానించుకుంది. ఇక తీస్తూ ఉండగా పట్టుకోవడమే మిగిలింది. ఆదోని పేరంటంలో అందరూ లోపలుంటే కారు దగ్గర ఏసన్న ఒక్కడే మిగులుతాడు.

అందుకే ఆ గురువారం పొద్దున పుల్ల ముంచి, గీటు దాకా నూనె పోసి, పుల్లను కళ్లకద్దుకున్నంత పనిచేసి మూత వేసింది.

ఆదోనిలో అయ్యన్న ఇంటి వాకిలి పెద్దది, బండలు పరిచింది. పత్తిబోరాలు తూకం వేసే చోటు కాబట్టి అరచెయ్యిలా సమంగా ఉంటుంది. పేరు పెట్టడం అయింది, భోజనాలయ్యాయి. ఆడవాళ్లంతా బిడ్డ చుట్టూ చేరి ముక్కు ఎవరిదో పంచుకుంటూ ఉంటే, కస్తూరమ్మ చప్పుడు కాకుండా వాకిట్లోకి వచ్చింది.

కారు కిందినుంచి రెండు కాళ్లు బయటికి వచ్చి ఉన్నాయి. పక్కన సీసా. ఇంజను అడుగునుంచి నల్లని నూనె సన్నటి ధారగా ఆ సీసాలో పడుతోంది.

"దొంగనాయాలా!" అని ఆమె పెట్టిన కేకకు ఏసన్న లేవబోయి నుదురు ఇనుముకు కొట్టుకున్నాడు. లోపల తొట్టిలోని బిడ్డ కూడా ఉలిక్కిపడి ఏడ్చింది. పేరంటానికి వచ్చినవాళ్లందరూ తొట్టి దగ్గరినుంచి, తాంబూలాల దగ్గరినుంచి పరుగెత్తుకొచ్చారు.

ఏసన్న బయటికి వచ్చి, బోల్టు బిగించిన చేతులు పంచెకు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"ఏందిరా ఇది?" అన్నాడు సుంకన్న.

"ఎక్కువైందయ్యా. గీటుకు పైన నిలబడుకోనుండాది. ఎక్కువుంటే ఇంజను కక్కుతాది. అందుకే కొంచెం దించినా."

"ఎక్కువైందా?" కస్తూరమ్మ పుల్ల లాగి, తుడిచి, ముంచి తీసి అందరికీ చూపించింది. నూనె సరిగ్గా గీటు మీద ఉంది. "పొద్దున నా సేత్తో పోసినా, గీటు దాకా. ఇప్పుడు నువ్వు సీసాడు తీసినా గీటు దాకానే ఉండాది. నడిమధ్య యాడనుంచి వొచ్చింది? పాలా, దోవలో పొంగేకి?"

జనం ఘొల్లున నవ్వారు. ఏసన్న నోరు తెరిచాడు. ఆమె ముఖం వంక చూశాడు. ఏమనిపించిందో, మళ్లీ మూసుకున్నాడు. ఆ చూపులో భయం లేదు, కోపం లేదు. జబ్బుపడిన మనిషిని చూసే జాలి ఉంది. దొంగ తనను చూసి జాలిపడడం కస్తూరమ్మకు అసలు మింగుడుపడలేదు.

"అవునమ్మా," అన్నాడు చివరికి తల దించుకుని. "పొంగినట్టుండాది."

"తాళం ఈడ పెట్టు," అన్నాడు సుంకన్న. "ఈ పొద్దునుంచి నువ్వు నా కాడ పనోడివి కాదు."

ఏసన్న తాళం తీసి కారు రెక్క మీద పెట్టాడు. రుద్రమ్మ వక్క నములుతూ అడిగింది.

"బాగుండాదిరా సుంకా. మరి ఇంటికి ఎవురు తోల్తారు? నేను తోల్లా?"

అలా ఉద్యోగం ఊడిన డ్రైవరే వాళ్లను ఆదోనినుంచి ఎమ్మిగనూరు దాకా తీసుకొచ్చాడు. గుంత వచ్చిన ప్రతిచోటా ఎప్పటిలాగే ముసలామె నడుము అదరకుండా నెమ్మది చేశాడు. ముందు కూర్చున్న సుంకన్న కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. వెనక కస్తూరమ్మ రెండో కిటికీలోంచి చూస్తోంది. రుద్రమ్మ ఒక్కతే మాట్లాడింది.

"దొంగైతేనేమి, తోలేది మటుకు మెత్తగ తోల్తాడు."

దీపాల వేళకు ఇల్లు చేరారు. ఏసన్న కారును ఎప్పటిలాగే తూర్పు ముఖంగా ఎత్తుమీదికి ఎక్కించి, రాళ్లు పెట్టి, తాళం అరుగు మీద ఉంచి నడిచి వెళ్లిపోయాడు. తాళాన్ని కస్తూరమ్మ కొంగుకు ముడేసుకుంది. కారు మూతకు గొలుసు చుట్టి మరో తాళం వేసింది. ఇక చూద్దాం నూనె ఎలా పోతుందో.

పొద్దున గొలుసు గొలుసులాగే ఉంది. తాళం విప్పి పుల్ల ముంచింది. నూనె గీటుకు చాలా కిందికి ఉంది.

కస్తూరమ్మ పుల్ల తుడిచి మళ్లీ ముంచింది. అంతే ఉంది. నిన్న నలుగురి ముందు సరిగ్గా గీటు మీద చూపించింది తనే. రాత్రి ఎవరూ ముట్టలేదు. ముగ్గు మీద చుక్క లేదు. ఏసన్న లేడు. ఇప్పుడు ఎవరిని దొంగ అనాలి? పుల్లను అక్కడే పెట్టి, ఎవరైనా చూస్తున్నారేమోనని వీధి అటూ ఇటూ చూసి, వంటింట్లోకి వచ్చి పడింది. చేతులు ఊరకుండలేక జాడీలో చీపురుపుల్ల ముంచింది. పుల్ల చివర కాస్త తడి, అంతే.

"ఈ ఇంట్లో దెయ్యమేమన్నా జొరబడిందా?" అని అరిచింది. "జాడీలో నూనె ఎవురు తీసినారు? నిన్న సగముండె!"

"నా మొకం తీసింది," అంది రుద్రమ్మ పప్పుకు తిరగమోత సిద్ధం చేసుకుంటూ. "నడుము వొంగక, గరిటెకు అందక, జాడీ కింద ఒక పక్క ఇటుకముక్క పెట్టినా. నూనె ఈ పక్కకు వొచ్చింది. నువ్వు ఎత్తు పక్క ముంచితే పుల్లకేమంటుతాది? ఈ పక్క ముంచి సూడు."

కస్తూరమ్మ ఈ పక్క ముంచింది. పుల్ల సగం దాకా తడిసింది.

ఆమె జాడీని చూసింది. ఇటుకముక్కను చూసింది. తలుపులోంచి వీధిలోకి చూసింది. కారు మూతి ఎత్తుకుని, తూర్పు దిక్కుకు, ఆమె నిలపమన్నట్టే నిలబడి ఉంది. పుల్ల ఉన్నది మూతి పక్క. నూనె పోయింది వెనక్కి. పోయిన నూనె ఒక్క చుక్క లేదు. రోజూ ఎత్తుమీద చూసి పోసింది తను. రోజూ చదునులో చూసి తీసింది ఏసన్న. మధ్యలో ఎక్కువైన నూనెతో ఇంజను కక్కింది నరసప్ప పడుగు మీద.

"ఏమే, తిరగమోత మాడుతాంది," అంది రుద్రమ్మ.

మాడనీ అనుకుంది కస్తూరమ్మ. ఆ వాసనలో తన ముఖం కూడా మాడుతున్నట్టే ఉంది.

ఆమె ఎప్పుడూ ఏసన్న ఇంటికి పోలేదు. నందవరం దారిలో, ఊరి అంచున, చిన్న చర్చి వెనక ఉందని మాత్రం తెలుసు. కొంగు తలమీదుగా కప్పుకుని వెళ్లింది. గడపలో మేరి కొర్రలు చెరుగుతోంది. లోపల ఏసన్న నుదుటికి పసుపు పెట్టుకుని కూర్చున్నాడు.

"జొరం తగ్గిందా మేరీ?"

"నాకు జొరం రాలేదమ్మా. మాట వొచ్చింది," అంది మేరి. చేట ఆపలేదు.

కస్తూరమ్మ నిలబడే అంతా చెప్పింది. జాడీ, ఇటుక, ఎత్తు, పుల్ల. చెబుతున్న కొద్దీ గొంతు చిన్నదైంది. ఏసన్న మొదట అర్థంకానట్టు చూసి, తర్వాత అరచేత్తో నుదురు కొట్టుకోబోయి, అక్కడ దెబ్బ ఉందని గుర్తొచ్చి ఆగాడు.

"నేనూ రోజూ ఆడనే నిలిపితి గదమ్మా. నాకూ తోచల్య."

"పనిలోకి రా ఏసన్నా. నాది తప్పు."

ఏసన్న లేవబోయాడు. మేరి చేట కింద పెట్టింది.

"ఉండప్పా. అమ్మా, మాట మీరు బావికాడ అన్న్యారు. ఆదోనిలో వందమందిలో అన్న్యారు. ఎనక్కి తీసుకొనేది మటుకు మా ఇంట్లో, కొంగు కప్పుకోని, సిన్నగొంతుతోనా?"

కస్తూరమ్మ కొంగు తలమీదినుంచి జారితే సర్దుకోలేదు. "రేపు పొద్దున వీధిలోకి రండి," అని మాత్రం అంది.

మరునాడు పడుగుల వేళ. వీధి చివర చదునులో నరసప్ప కొత్త పడుగు సాగదీశాడు. బసమ్మతోపాటు బావి దగ్గరి ఆడవాళ్లందరినీ కస్తూరమ్మే పిలిచింది. అరుగు మీద సుంకన్న ముఖాన్ని పేపరు వెనక దాచుకున్నాడు. ఏసన్నా మేరీ ఒక పక్కగా నిలబడ్డారు. ఏసన్న చేతిలో మూత వేసిన గంప ఉంది.

కస్తూరమ్మ పుల్ల ముంచి తీసి బసమ్మ ముక్కు దగ్గర పెట్టింది.

"సూడు. తక్కువుండాది గదా?"

"తక్కువే."

"ఇప్పుడు తోయండప్పా. నరసప్పా, మీరంతా ఒక సెయ్యి ఎయ్యండి."

"మల్ల నా పడుగు మిందికేనా?" అన్నాడు నరసప్ప. కానీ వచ్చాడు. అందరూ కలిసి కారును వెనక్కి, చదునులోకి దింపారు. కస్తూరమ్మ కాసేపు ఆగి పుల్ల తుడిచింది. ముంచి తీసింది. నూనె సరిగ్గా గీటు మీద మెరిసింది.

"నూనె యాడికీ పోలేదు," అంది వీధంతా వినపడేలా. "ఏసన్న తీయలేదు, అమ్మలేదు. ఎత్తుమింద నిలిపించింది నేను. తప్పుగ సూసింది నేను. దొంగని బావికాడ సెప్పింది నేను. నరసప్పా, నీ పడుగు మింద ఊదింది కూడా ఒకరకంగా నేనే."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆమెకు తేలికగా ఉండేది. బసమ్మ తన కాలి మట్టెలను మొదటిసారి చూసినట్టు చూసుకుంటోంది. చెంచాడు నూనె దారి తప్పని ఇల్లని పేరు మోసిన మనిషి, నూనె పుల్ల చేతిలో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోయింది.

ఏసన్న ముందుకొచ్చి గంప దించి మూత తీశాడు. లోపల నల్లనూనె సీసాలు, ఒకదానికొకటి తగలకుండా మధ్యలో గడ్డి పెట్టి ఉన్నాయి.

"మీ నూనే అమ్మా. దించిందంతా దాసినా."

"మరి డబ్బాలో తిరిగి పోసింటే సరిపోయేది గదరా!" అన్నాడు నరసప్ప. "ఎందుకు దాసినావు?"

ఏసన్న మేరి వంక చూశాడు. మేరి ఆకాశం వంక చూసింది.

"పోద్దామనే అనుకొంటి. దాంట్లో... వంటింటి బుడ్డల నూనె కలిసిందేమో అని."

"బుడ్డల నూనా?"

"పొద్దునపూట అమ్మ వంటింటి గరాటు పట్టుకోని ఇంజన్లో పోస్తాంటే సూసినా. రోజూ పోస్తాంటే... కింద ముగ్గు, పూలు... ఇట్ల..." ఏసన్న తలవంచుకున్నాడు. "అమ్మకు మతి తప్పిందనుకొన్న్యా. అయ్యకు ఎట్ల సెప్పేది? ఆదోనిలో అంతమందిలో మాత్రం ఎట్ల సెప్పేది? అందుకే పొంగిందని ఒప్పుకొంటి."

ఆదోనిలో చూసిన ఆ జాలిచూపు కస్తూరమ్మకు ఇప్పుడు అర్థమైంది. ఈ వీధంతా తనని పట్టుకుని నిలబెట్టినా ఇంత సిగ్గు పడేది కాదు. తను పదిమందిలో అతని పరువు తీస్తుంటే, అతను ఆ పదిమందిలోనే తన పరువు కాపాడుతూ ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

"ఎవురికీ సెప్పలేదు గదా?" అంది కస్తూరమ్మ.

"ఎవురికీ సెప్పలేదమ్మా," అన్నాడు ఏసన్న.

"సర్చీలో సెప్పినాం," అంది మేరి, అబద్ధం ఆడలేక. "ఊరికే కాదమ్మా, ప్రార్థన సేసేకి. ఆదివారమాదివారం మీకు మతి కుదరల్లని అందరం మోకరిస్తాండాము. పాదిరయ్య మీ పేరు గట్టిగనే సెప్పి సేస్తాండాడు."

అరుగు మీద పేపరు కదిలింది. దాని వెనకనుంచి సుంకన్న దగ్గు వినిపించింది. రుద్రమ్మ మాత్రం గడపలోంచి మేరిని మెచ్చుకుంది.

"మంచి పని సేసినావమ్మీ. నేను నిమ్మకాయ కారుకు కట్టినా. దీనికి కట్టల్సింది."

అప్పుడు నవ్వారు అందరూ. అందరికన్నా ముందు మేరి, అందరికన్నా ఆలస్యంగా కస్తూరమ్మ. ఏసన్న తాళం తీసుకున్నాడు. మేరి ఆ మధ్యాహ్నమే అరుగు మీద కండెలు చుట్టడానికి వచ్చింది. కారు ఇప్పటికీ తూర్పు ముఖంగానే నిలుస్తుంది. కాకపోతే వీధి చివర, చదునులో.

"ఏసన్నా," అంది కస్తూరమ్మ ఆ సాయంత్రం, "నేను వీధిలో నా మాట ఎనక్కి తీసుకొంటి గదా. నువ్వు కూడా సర్చీలో నీ మాట ఎనక్కి తీసుకోవల్ల."

"తప్పకుండా అమ్మా," అన్నాడు ఏసన్న.

ఆ ఆదివారం చర్చికి నందవరంనుంచి, దేవనకొండనుంచి కూడా చుట్టాలు వచ్చారు. ఏసన్న లేచి నిలబడి, సుంకన్న భార్య కస్తూరమ్మకు మతి పూర్తిగా బాగుందని గట్టిగా చెప్పాడు. అంతవరకూ ఆ సంగతి తెలియని ఊళ్లకు కూడా అప్పుడే తెలిసింది.